బెంగళూరు దాక

మొన్న వనపర్తిలో డాక్టరు నన్ను చొక్కా విప్పమని, వీపు మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు కొట్టాడు. తల పక్కకు వంచి విన్నాడు. కొంచెం కిందికి జరిగి మళ్ళీ రెండు కొట్టాడు. మొహంలో ఏమీ లేదు. డాక్టర్ల మొహంలో ఏమీ లేకపోతే నా ఒంట్లో ఏదో ఉన్నట్టే నాకు అనిపిస్తుంది. "ఏ ఊరు దాక సార్?" అని నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. అడిగి ఉంటే వీపు వదిలేసి తల పరీక్ష మొదలుపెట్టేవాడు.

ఆ ప్రశ్న నాది కాదు. కొత్తకోటలో హైవే పక్కన, రేకుల షెడ్డు ముందు లారీలు ఆపి డ్రైవర్లు అడిగే ప్రశ్న. అడిగేది ఉస్తాద్‌ను. ఆయన ఇప్పుడు లేడు. ఉన్నప్పుడు చెప్పవలసిన మాట ఒకటి నేను చెప్పలేదు. వీపు మీద ఆ రెండు దెబ్బలు పడ్డప్పటి నుంచి అది లోపల కదులుతోంది.

ఉస్తాద్‌ది కమాన్‌పట్టీల పని. లారీ ఇరుసు మీద విల్లులాగ వంగి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండే ఉక్కుపట్టీలు అవి. లోడు బరువంతా వాటి మీదే. నేను పెద్దమందడి బడిలో హిందీ పండిట్‌ను. ఆయన కమాన్‌పట్టీ పట్టిన మనిషి, నేను హాజరుపట్టీ పట్టిన మనిషి. పిల్లలు నన్ను హిందీ సారు అనేవాళ్ళు. నా హిందీ విన్నవాళ్ళు మాత్రం తెలుగు సారేమో అనుకునేవాళ్ళు. సాయంత్రం బడి నుంచి వచ్చే బస్సు నన్ను సరిగ్గా ఆ షెడ్డు ముందు దింపేది. ఇంటికి పోయే ఇంకో బస్సుకు గంట టైముండేది. ఆ గంటలన్నీ కలిపితే మా దోస్తానా.

లారీ వచ్చి ఆగితే ఆయన వెంటనే లేచేవాడు కాదు. సాసర్లో పోసుకున్న చాయ్ మొత్తం తాగి, గడ్డం తుడుచుకొని, గుప్పెడంత సుత్తి తీసుకొని లారీ కింద వెల్లకిలా దూరేవాడు. పట్టీ మీద రెండు దెబ్బలు. అంతే. ఆ మోత పూర్తిగా ఆగిపోయేదాకా కళ్ళు మూసుకొని ఉండేవాడు. హైవే మీద ఎన్ని హారన్లు మోగినా ఆయన చెవికి అదొక్కటే. తర్వాత బయటికి వచ్చి ఊరు పేరు చెప్పేవాడు.

"కర్నూలు దాక."

నెలలు, కిలోమీటర్లు ఆయన లెక్కలో లేవు. ఉక్కు ఆయుష్షును ఊళ్ళతో కొలిచేవాడు. పెబ్బేరు దాక, గుత్తి దాక, అనంతపురం దాక. అటు మొహం పెట్టిన లారీకైతే జడ్చర్ల దాక, షాద్‌నగర్ దాక. "దాక" అన్నాక ఇంకో మాట ఉండదు. డ్రైవర్లు ఆ ఊరు రాకముందే పట్టీ మార్పించుకునేవాళ్ళు. మార్పించుకోని ఒకరిద్దరు నడిరోడ్డు మీద ఒరిగి, ఆ కబురు మళ్ళీ షెడ్డుకు చేరేది. అప్పుడు ఆయన సంతోషపడేవాడు కాదు. సుత్తిని నీళ్ళతో కడిగి బోర్లా పెట్టేవాడు.

పక్క చాయ్ హోటల్లో రోజంతా కూర్చునే రిటైరైన డ్రైవరొకాయన ఉండేవాడు. ఒకరోజు షెడ్డులోకి వచ్చి వీపు చూపించాడు.

"అన్ని లారీలకు చెప్తవు గద ఉస్తాద్, ఈ పాత బండికి గూడ జర చెప్పరాదు."

ఉస్తాద్ నవ్వి, వేలి కణుపులతో ఆయన భుజం మీద రెండు కొట్టి, "ఉప్పునుంతల దాక" అన్నాడు. అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ పెద్దాయనే. ఉప్పునుంతలలో ఆయన బిడ్డ ఇల్లుంది. మూడు వారాలకు బిడ్డను చూడబోయి, వాకిట్లో మంచం మీద కూర్చొని, మంచినీళ్ళు అడిగి, గ్లాసు రాకముందే పోయాడు.

కాకతాళీయమని నేను తరగతి గదిలో చెప్పినట్టు వివరంగా చెప్పాను. ఉస్తాద్ విన్నాడు. మనిషి మీద మాత్రం మళ్ళీ వేలు పెట్టలేదు. జనం కూడా జాగ్రత్తపడ్డారు. బజారులో ఆయన ఎదురైతే సలాం దూరం నుంచే అయిపోయేది. నేనూ ఆ షెడ్డులో కూర్చున్నప్పుడు వీపు గోడకు ఆనించే కూర్చునేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి కదా, కారణం నడుంనొప్పి అని చెప్పుకునేవాణ్ణి.

ఆయనకు భయపడనిది ఒక్క సర్దార్. పంజాబ్ నుంచి నెలకోసారి లోడుతో బెంగళూరు వైపు పోయే లారీ ఆయనది. షెడ్డు ముందు ఆపడమే ఆలస్యం, దిగి ఉస్తాద్ గడ్డం పట్టుకొని లాగేవాడు. ఈయన ఆయన గడ్డం పట్టుకొని లాగేవాడు. "నీది తెల్లగైంది", "నీది ఎర్రగైంది" అని తిట్టుకొని, మిర్చి బజ్జీల పొట్లం విప్పుకొని కూర్చునేవాళ్ళు. పదేళ్ళ స్నేహం. ఆయన ఈయన్ని ఉస్తాద్ అన్నాడు, ఈయన ఆయన్ని సర్దార్ అన్నాడు. పేరు అడగాల్సిన అవసరం ఇద్దరికీ పడలేదు. ఉస్తాద్‌కు చదువు రాదు కాబట్టి లారీ నంబరు కూడా తెలియదు. పట్టీల మోతను బట్టి ఆ లారీని గుర్తుపట్టేవాడు.

సర్దార్ ఎప్పుడూ చెప్పే మాట ఒకటుండేది. ఏడాదంతా ఎక్కడున్నా దసరాకు నాందేడ్ పోయి, గురుద్వారాలో జోళ్ళు భద్రపరిచే చోట కూర్చొని, వచ్చినవాళ్ళ జోళ్ళు తుడుస్తాడట. అది వాళ్ళ దగ్గర పెద్ద సేవ. "దసరాకు నేను జోళ్ళ దగ్గర కనపడకపోతే, భూమి మీదనే లేననుకో" అనేవాడు.

ఒక రంజాన్ చివర, ఇరవై తొమ్మిదో రోజా ఉపవాసం నాటి సాయంత్రం, సర్దార్ లారీ వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఉస్తాద్ కిందికి దూరాడు. రెండు దెబ్బలు విన్నాను. ఆ రోజు ఆయన కొంచెం ఎక్కువసేపు లోపలే ఉన్నాడు. బయటికి వచ్చి, "బెంగళూరు దాక" అన్నాడు. సర్దార్ ఆయన గడ్డం లాగి లారీ ఎక్కాడు. ఉస్తాద్ షెడ్డు మూసి, పండగ నెలవంకను చూడడానికి మసీదు వైపు గబగబా నడిచాడు.

తర్వాతి నెల సర్దార్ రాలేదు. ఆ తర్వాతి నెలా రాలేదు. ఉస్తాద్ పంజాబ్ లారీ కనపడితే చాలు, చెయ్యెత్తి ఆపి అడిగేవాడు. వాళ్ళు "ఏ సర్దార్?" అనేవాళ్ళు. ఎండాకాలం పోయింది, వానలు పోయినయ్. ఆ ఏడు దసరా రంజాన్ నెలలోనే వచ్చింది.

"పంతులు సాబ్, దసరా సెలవులిచ్చిన్రా?"

"ఇచ్చిన్రు ఉస్తాద్."

"జర నాందేడ్ దాక వస్తవా? నాకు మాట్లాడ వస్తది, చదువ రాదు. నీకు చదువ వస్తది..."

మిగతాది మర్యాదకు ఆపేశాడు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి హిందీ అవుతుందని ఒప్పుకున్నాను. కానీ ఆ "దాక" అన్న మాట ఆయన నోట్లోంచి నన్ను ఉద్దేశించి రావడం నాకు బాగనిపించలేదు. ఇంట్లో బీమా కాగితాలు ఎక్కడున్నాయో భార్యకు చూపించి మరీ బయల్దేరాను.

కాచిగూడలో బండి మారి, తెల్లారి నాందేడ్‌లో దిగాం. ఉస్తాద్ రోజా ఉన్నాడు. ప్రయాణంలో వదిలిపెట్టవచ్చు కదా అంటే, "పోయిన యేడుది బాకీ ఉన్నది" అన్నాడు. ఏం బాకీయో చెప్పలేదు.

పెద్ద గురుద్వారా తెల్లటి గుమ్మటాలతో, బంగారు శిఖరాలతో ఎండలో మెరుస్తోంది. ఊరంతా నీలి తలపాగాలు, గుర్రాలు, నగారాలు. తల కప్పుకోకుండా లోపలికి పోకూడదు. నేను జేబురుమాలు తీశాను. నా తల చిన్నదనే అప్పటిదాకా అనుకునేవాణ్ణి, రుమాలు అంతకంటే చిన్నదని తేలింది. ఎవరో నారింజరంగు గుడ్డముక్క తెచ్చి నాకూ, ఉస్తాద్ టోపీ మీదా కట్టారు. కట్టించుకుంటున్నంతసేపూ ఉస్తాద్ చూపు గుమ్మటాల మీద లేదు. జోళ్ళ గది మీద ఉంది.

పొడుగాటి బల్ల. వెనక అరల నిండా వేల జోళ్ళు. బల్ల అవతల పదిహేనుమంది దాకా కూర్చొని, జోళ్ళు అందుకొని, ఒడిలో పెట్టుకొని, గుడ్డతో దుమ్ము తుడుస్తున్నారు. ఉస్తాద్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒక్కొక్క మొహమే చూశాడు. మళ్ళీ ఈ చివరి నుంచి ఆ చివరికి.

"లేడు" అన్నాడు.

"ఇప్పుడే గద వచ్చినం. డ్యూటీలు మారుతుంటయ్" అన్నాను.

అక్కడ యాత్రికులను చుట్టుపక్కల గురుద్వారాలకు తిప్పే బస్సుంది. ఎక్కాం. జనం ప్రతి చోటా దిగి గర్భగుడిలాంటి లోపలి గది వైపు పరుగెత్తేవాళ్ళు. మేం జోళ్ళ దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. శిఖార్ ఘాట్‌లో చూశాం, లేడు. మాల్ టేక్రీలో చూశాం, లేడు. నాందేడ్‌లో నేను చూసిన చరిత్రంతా చెప్పుల వరకే. గోదావరి ఒడ్డున నగీనా ఘాట్‌లో మాత్రం అక్కడ గ్రంథం చదివే ముసలి పూజారి ఒకాయన కథ చెప్పాడు. ఎవరో షావుకారు తెచ్చిచ్చిన విలువైన రత్నాన్ని పదో గురువు నదిలోకి విసిరేశాడట. షావుకారు నొచ్చుకుంటే, దిగి నీది నువ్వు ఏరుకో అన్నాడట. దిగి చూస్తే అడుగంతా రత్నాలే, తనది ఏదో గుర్తుపట్టలేకపోయాడట.

కథ నాకు నచ్చింది. ఉస్తాద్ నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. నది నిండుగా, గోధుమరంగుగా, చప్పుడు లేకుండా పోతోంది.

"గుర్తుపట్టకపోవుడేంది?" అన్నాడు. "ఎవని చేతిలకెల్లి పోయింది వానికి తెల్వదా?"

ఆ సాయంత్రం పొద్దుగుంకే వేళకు, అందరికీ ఉచితంగా అన్నం పెట్టే లంగరులో వరసలో కూర్చున్నాం. రొట్టె రెండు చేతులతో అందుకొని, నోట పెట్టకుండా అలాగే పట్టుకున్నాడు. పప్పు బకెట్‌తో వచ్చిన ఆయన చూసి, తినవేమని అడిగాడు. రోజా అని నేను చెప్పాను. ఆయన బకెట్ నేల మీద పెట్టి, ఊరిలోని మసీదు నుంచి అజాన్ వినపడేదాకా మా ముందే నిలబడ్డాడు. తర్వాత హల్వా ముద్ద తెచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. ఉస్తాద్ అది నోట్లో పెట్టుకొని తల దించుకున్నాడు.

అక్కడ హారతి తర్వాత గురువు కాలంనాటి ఆయుధాలు చూపిస్తారు. ఒక్కొక్క కత్తి పైకెత్తి, దాని కథ చెప్తారు. జనం జేజేలు కొడతారు. ఉస్తాద్ కళ్ళు మూసుకొని ఉన్నాడు. ఒక కత్తి ఒరలోంచి జారిన చప్పుడుకు ఆయన భుజాలు ఒక్కసారి ఎగిరినయ్. లేచి బయటికి నడిచాడు. వెనకాలే వెళ్ళాను. పాలరాతి మెట్ల మీద కూర్చున్నాడు.

"పంతులు సాబ్, మూడు వందల యేండ్ల ఉక్కు అది. ఇంకా అబద్ధం చెప్తలేదు" అన్నాడు. "నేను చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"ఆ దినం మోత పెబ్బేరు దాక అన్నది. నేను బెంగళూరు దాక అన్న."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కొత్తకోట నుంచి పెబ్బేరు ఎంత దూరం? ఒక పాట రెండుసార్లు పాడుకుంటే వస్తుంది.

"ఎందుకన్నవ్ ఉస్తాద్?"

"పట్టీ విప్పితే రాత్రి ఇషా నమాజ్ దాక కిందనే ఉండాలె. ఇరవై తొమ్మిదో రోజా. అందరు చాంద్ చూస్తుండ్రు. పోరగాని తీరు నాకు గూడ చూడాలనిపించింది." ఆగాడు. "ఆ దినం చాంద్ కనపడలే. మబ్బులుండె."

నేను ఏదో ఒకటి చెప్పాలి. పాఠాలు చెప్పే నోరు. "నువ్వు పెబ్బేరు అనుకున్నవ్, అది బెంగళూరు దాక పోయే ఉంటది. లేకుంటే మనకు కబురు రాదా? పెబ్బేరు ఎంత దూరం?" అన్నాను. ఆ మాట పనిచేసింది. ఆయన మొహంలోకి కొంచెం ప్రాణం వచ్చింది. నా జీవితంలో నేను చెప్పిన పాఠం ఒకరికి అర్థమైన అరుదైన సందర్భం అది.

తెల్లవారి దసరా. గురుద్వారా ముందు గుర్రాలు బారులు తీరినయ్. మధ్యాహ్నానికి ఊరేగింపు మొదలైతే నగారాల చప్పుడుకు గోడలు అదిరినయ్. ఉస్తాద్ అది చూడకుండా జోళ్ళ బల్ల దాటి అవతలికి పోయి, కింద కూర్చొని, ఒక జత తీసుకొని తుడవడం మొదలుపెట్టాడు. ఎవరూ వద్దనలేదు. పక్కన తెల్లగడ్డం పెద్దాయన, ఏళ్ళుగా ఆ గది చూసుకుంటున్నవాడట, కొంచెంసేపు చూసి, "ఎవరికోసం వెతుకుతున్నావు? నిన్నటి నుంచి చూస్తున్నాను, మొహాలు లెక్కపెడుతున్నావు" అని హిందీలో అడిగాడు.

ఉస్తాద్ పేరు చెప్పలేకపోయాడు. లారీ అన్నాడు, బెంగళూరు రోడ్డు అన్నాడు, మిరపకాయలు పచ్చివి నమిలేస్తాడన్నాడు, నవ్వితే దగ్గు వస్తుందన్నాడు, గడ్డం లాగుతాడన్నాడు. గడ్డం దగ్గరికి రాగానే పెద్దాయన చేతిలో గుడ్డ ఆగింది.

"నువ్వు కూర్చున్నది ఆయన జాగానే" అన్నాడు.

ఉస్తాద్ తుడుస్తున్న జోడు ఒడిలోనే ఉంది.

పెద్దాయన మెల్లగా చెప్పాడు. పోయిన ఏడు దీపావళి దాటాక లారీ బోల్తాపడింది. బెంగళూరు దాటి, తమిళ దేశంలో ఘాట్ రోడ్డు మీద. బెంగళూరులో లోడు దించాక, ఇంకో లోడు దొరికితే ఖాళీగా ఎందుకు తిరిగిరావాలని ముందుకే పోయాడట. పట్టీయో, బ్రేకులో, ఎవరికీ తెలియదు. తమ్ముడు వచ్చి బూడిద తీసుకొని పోయాడు.

"చూసినవా" అన్నాను నేను, సిగ్గు లేకుండా. "బెంగళూరు దాటినంక. నీ మాట తప్పలే."

ఉస్తాద్ నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఇంకా మోస్తున్నాను. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "ఆయన పేరేంది?" అని అడిగాడు. పెద్దాయన చెప్పాడు. ఉస్తాద్ దాన్ని రెండుసార్లు నెమ్మదిగా అన్నాడు, చిన్నపిల్లలు కొత్త మాట నేర్చుకున్నట్టు. "పేరు లేకుంటే దువా ఎవరికోసమని చెయ్యాలె, పంతులు సాబ్" అన్నాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. పెద్దాయన అడిగాడు: "నువ్వు ఉస్తాద్‌వా?"

"అవును."

"ఆయన తమ్ముడు నీకోసం వెతుకుతున్నాడు. బెంగళూరు నుంచి అన్న ఫోన్ చేశాడట. పట్టీ నీరసంగా ఉంది, దారిలో ఒక ఉస్తాద్ బెంగళూరు దాకా వస్తుందన్నాడు, వచ్చింది, చూశావా మా ఉస్తాద్ చెవి అని నవ్వాడట. అదే చివరి మాట. ఆ ఉస్తాద్ ఎవరో, ఏ ఊరో తెలిస్తే నాకు చెప్పండని తమ్ముడు ఇక్కడ చెప్పి పోయాడు."

"ఎందుకు?" అని అడిగింది నేను.

"చెప్పలేదు" అన్నాడు పెద్దాయన. "మొహం మాత్రం మంచిగా లేదు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు."

ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. కొత్తకోట అన్నాడు, హైవే మీద రేకుల షెడ్డు అన్నాడు, మసీదు గల్లీలో ఇల్లన్నాడు. అన్నేళ్ళ దోస్తానాలో ఆయన పూర్తి పేరు నేను వినడం అదే మొదలు. బయట నగారాలు, గుర్రాల డెక్కలు; పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "రాసివ్వండి, గుర్తుండదు" అన్నాడు.

"పంతులు సాబ్ రాస్తడు" అన్నాడు ఉస్తాద్. "ఆయనది మంచి దస్తూరీ."

పెన్ను తీశాను. పేరు రాశాను. తండ్రి పేరు రాశాను. ఊరు దగ్గర పెన్ను ఆగింది. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, మొహం మంచిగా లేనివాడు, మసీదు గల్లీలో తలుపు కొడుతున్నట్టు కనపడింది. ఉస్తాద్ నా భుజం మీదుగా కాగితాన్ని చూస్తున్నాడు. ఆయనకు చదువు రాదు. గుత్తి అని రాశాను. షెడ్డు కాదు, ఇల్లు కాదు, గుత్తి బస్టాండ్ దగ్గర అని రాశాను. ముప్పై ఏళ్ళు బోర్డు మీద తప్పులు దిద్దిన చెయ్యి, ఒక్క వంకర లేకుండా రాసింది.

పెద్దాయన కాగితం తీసుకొని, కళ్ళజోడు కోసం జేబు తడుముకొని, దొరక్క, మడిచి తలపాగాలో దోపుకున్నాడు.

కొత్తకోటకు వచ్చాక ఉస్తాద్ ఎవరికీ ఊరు పేరు చెప్పలేదు. కిందికి దూరేవాడు, రెండు దెబ్బలు కొట్టేవాడు, బయటికి వచ్చి పట్టీ విప్పడం మొదలుపెట్టేవాడు. బాగున్నదాన్నీ విప్పేవాడు. డ్రైవర్లకు అంత ఓపిక ఎక్కడిది? మెల్లగా లారీలు పక్క షెడ్లకు పోయినయ్. ఆయనకు దానితో పని లేకపోయింది. పంజాబ్ లారీ ఆగిందంటే చాలు, చేతులు కడుక్కొని, టోపీ సర్దుకొని, షెడ్డు ముందుకు వచ్చి నిలబడేవాడు.

"వాడు వచ్చి ఏమన్న చేస్తే?" అని ఒకసారి అడిగాను.

"చెయ్యనియ్యి" అన్నాడు. "కొడితే కొట్టనియ్యి. పెబ్బేరు సంగతి నేను వానికి చెప్పాలె గద. ఇంకెవరికి చెప్పాలె?"

నేను బస్సు వచ్చిందని లేచాను. బస్సు రాలేదు.

చివరి రోజుల్లో ఆయన్ని చూడబోతే, మంచాన్ని వాకిట్లో వేయించుకున్నాడు. కడుపులో గడ్డ, డాక్టర్లు చెయ్యి వదిలేశారు. లేచి కూర్చోలేడు. నన్ను దగ్గరికి పిలిచి, నా మణికట్టు పట్టుకున్నాడు. ఇనుము పట్టిన వేళ్ళు, అప్పటికీ గట్టిగానే ఉన్నయ్.

"పంతులు సాబ్, ఇన్నేండ్లాయె. ఆ పిలగాడు రాకపాయె. ఊరు పేరు సరిగ్గనే రాసినవ్ గద?"

చెప్పడానికి అదే సమయం. వాకిట్లో ఇంకెవరూ లేరు.

"సరిగ్గనే రాసిన ఉస్తాద్."

ఆయన నా చెయ్యి వదిలేశాడు. "అయితే వస్తడు" అని, మొహం గల్లీ వైపు తిప్పి పడుకున్నాడు.